ఒక్క ఫ్రేమ్ కూడా మిగల్లేదు.. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య కథ, ఆయన రీళ్లను మింగేసిన పదార్థం కథ

అక్టోబర్ 15 వచ్చిందంటే ఫిల్మ్ నగర్‌లో ఒక విగ్రహానికి పూలదండలు పడతాయి. అది రఘుపతి వెంకయ్య నాయుడి విగ్రహం. తెలుగు సినిమాకు పితామహుడని ఇండస్ట్రీ మొత్తం ఒప్పుకున్న పేరు. 1980 నుంచి ఆయన పేరు మీద అవార్డు ఉంది. జీవితమంతా సినిమాకి ఇచ్చేసిన పెద్దలకి అది దక్కుతుంది.

కానీ ఒక్క విషయం చాలామందికి తెలియదు. ఆ వెంకయ్య తీయించిన సినిమా ఇవాళ చూద్దామంటే ఒక్క ఫ్రేమ్ కూడా లేదు. యూట్యూబ్‌లో లేదు, ఆర్కైవ్‌లో లేదు, ఏ స్టూడియో గోదాములోనూ లేదు.

ఏమైపోయాయి ఆ సినిమాలు? నిర్లక్ష్యం ఒక కారణమే. కానీ అసలు కారణం బీటెక్ విద్యార్థులు చదివే మెటీరియల్ సైన్స్ పాఠంలో ఉంది. ఆ సినిమాలు ఏ పదార్థం మీద పుట్టాయో, ఆ పదార్థమే వాటిని తినేసింది.

బందరు కుర్రాడు.. మద్రాసు ఫొటో స్టూడియో

వెంకయ్య పుట్టింది మచిలీపట్నంలో, 1869 అక్టోబర్ 15న. చిన్న వయసులోనే ఫొటోల పిచ్చి పట్టుకుంది. మద్రాసు చేరి, మౌంట్ రోడ్‌లో ఫొటో స్టూడియో నడిపి పేరు తెచ్చుకున్నారు.

అప్పట్లో స్టూడియో ఫొటో అంటే గాజు పలకే. గాజు మీద జెలటిన్ పూత, ఆ పూతలో సిల్వర్ బ్రోమైడ్ అనే వెండి లవణం రేణువులు. వెలుగు తగిలిన రేణువుల్లో కంటికి కనిపించని మార్పు జరుగుతుంది. డెవలపర్ ద్రావణంలో ముంచితే ఆ రేణువులే నల్లటి వెండిగా మారతాయి. మనం ఫొటోలో చూసే నలుపు నిజానికి వెండి.

గాజు చాలా మంచి పదార్థం. పారదర్శకం, గట్టిది, ఏళ్లు గడిచినా సాగదు, ముడుచుకోదు. ఒక్కటే లోపం, వంగదు. బలవంతంగా వంచితే పగులుతుంది. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే పెళుసు.

ఒకే ఒక్క ఫొటోకి గాజు చాలు. కానీ సెకనుకి పదహారు ఫొటోలు వరసగా పరుగెత్తాలంటే? అలాంటి పదార్థం గాజులా పారదర్శకంగా ఉండాలి, గుడ్డలా చుట్టుకోవాలి, యంత్రం పళ్లు లాగినా చిరగకుండా ఉండాలి. ఏ పనికి ఏ పదార్థం సరిపోతుందో ఎంచుకోవడమే మెటీరియల్ సైన్స్‌లో మొదటి పాఠం. ఆ రోజుల్లో ఈ పరీక్ష పాసైన పదార్థం ఒక్కటే. పేరు సెల్యులాయిడ్.

పత్తి, కర్పూరం, ఎముకలు, వెండి

వెంకయ్య పుట్టిన మరుసటి ఏడాది, అంటే 1870లో, అమెరికాలో జాన్ వెస్లీ హయత్ అనే ఆయన సెల్యులాయిడ్‌కి పేటెంట్ తీసుకున్నారు. ఆయన వెతికింది సినిమా కోసం కాదు. ఏనుగు దంతం ఖరీదైపోతోందని, బిలియర్డ్స్ బంతులకి దాని బదులు ఇంకేదైనా దొరుకుతుందా అని చూశారు. తర్వాత దువ్వెనలు, బొమ్మలు, టేబుల్ టెన్నిస్ బంతులు కూడా దీంతోనే చేశారు. 1889లో ఈస్ట్‌మన్ కంపెనీ దీన్ని పల్చటి పొరగా చేసి కెమెరా ఫిల్మ్‌గా అమ్మడం మొదలుపెట్టింది. సినిమాకి దారి తెరుచుకుంది అక్కడే.

ఇంతకీ సెల్యులాయిడ్‌లో ఏముంది? మనకి బాగా తెలిసినవే. మొదటిది పత్తి. పత్తి అంటే సెల్యులోజ్, పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. వీటినే పాలిమర్ అంటారు. ఆ పత్తిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో నానబెడితే గొలుసు పొడవునా నైట్రేట్ గుంపులు వచ్చి అతుక్కుంటాయి. అదే సెల్యులోజ్ నైట్రేట్.

కానీ అదొక్కటే అయితే పెళుసుగా విరుగుతుంది. అందుకే కర్పూరం కలుపుతారు. అవును, హారతి కర్పూరమే. కర్పూరం అణువులు గొలుసుల మధ్యలో దూరి, అవి ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తాయి. చపాతీ పిండిలో నూనె వేస్తే మెత్తబడుతుంది కదా, అలా అనుకోండి. ఇలా మెత్తబరిచే పదార్థాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. ఇంట్లో నీళ్ల పైపు, కరెంటు వైరు తొడుగు రెండూ పీవీసీయే. పైపు గట్టిగా, తొడుగు మెత్తగా ఉండటానికి తేడా ఈ ప్లాస్టిసైజరే.

ఈ పొర మీద జెలటిన్ పూత. జెలటిన్ వచ్చేది పశువుల ఎముకలు, తోళ్ల నుంచి. ఆ పూతలో వెండి లవణం. అంటే సినిమా రీలు అంటే పత్తి, కర్పూరం, ఎముకలు, వెండి. దీని మీదే వెంకయ్య తన ఆస్తి మొత్తం పెట్టారు.

30 వేల పందెం

1909 ప్రాంతంలో వెంకయ్య చేసిన పని చూసి చుట్టూ ఉన్నవాళ్లకి మతి పోయి ఉంటుంది. నడుస్తున్న ఫొటో స్టూడియోని తాకట్టు పెట్టి, సుమారు 30,000 రూపాయలతో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నారు. ఆ రోజుల్లో అది మామూలు డబ్బు కాదు.

ఏంటీ యంత్రం? ఫ్రాన్స్‌కి చెందిన గోమాంట్ కంపెనీ ఆలోచన. ఒక పక్క ప్రొజెక్టర్ బొమ్మ ఆడిస్తుంది, ఇంకో పక్క గ్రామఫోన్ రికార్డు పాట పాడుతుంది. రెండూ ఒకే వేగంతో నడవాలి. హాలంతా వినబడటానికి కరెంటు యాంప్లిఫయర్ ఇంకా రాలేదు కాబట్టి, ఒత్తిడి పెట్టిన గాలితో శబ్దాన్ని పెంచేవారు. ఆనాటి రికార్డులు ఎక్కువగా లక్కతో చేసినవి. అంటే టాకీ రావడానికి ఇరవై ఏళ్ల ముందే, లక్క రికార్డు పక్కన సెల్యులాయిడ్ పెట్టి బొమ్మకి మాట తెప్పించే ప్రయత్నం మద్రాసులో ఒక తెలుగువాడు జనానికి చూపించారు.

మొదట మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్‌లో ప్రదర్శనలు వేశారు. ఆ తర్వాత యంత్రాన్ని, రీళ్లను సర్దుకుని ఊళ్లు పట్టారు. బెంగళూరు, విజయవాడ, శ్రీలంక, బర్మాలోని రంగూన్, పెగూ.. ఎక్కడ జనం ఉంటే అక్కడ డేరా. రైళ్లలో, ఓడల్లో, ఎండల్లో, సముద్రపు తేమలో ఆ రీళ్లు తిరిగాయి. సెల్యులాయిడ్‌కి వేడి, తేమ అంటే ఎంత పడదో తెలుసుకుంటే, అది ఎంత ప్రమాదకరమైన సామానో అర్థమవుతుంది.

నీళ్లలో ముంచినా ఆరని మంట

ఊరూరా తిరిగి సంపాదించిన డబ్బుతో వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. 1910ల తొలినాళ్ల మాట ఇది. మద్రాసులో భారతీయుడు కట్టిన తొలి సినిమా థియేటర్‌గా దానికి పేరు. ఆ తర్వాత మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. గ్లోబ్‌నే తర్వాత రాక్సీ అన్నారు.

థియేటర్ యజమానికి ఆ రోజుల్లో కలెక్షన్ల కన్నా పెద్ద భయం ఇంకోటి ఉండేది. మంట.

కారణం మళ్లీ అణువుల్లోనే ఉంది. కట్టె కాలాలంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసుకోవాలి. దుప్పటి కప్పితే మంట ఆరేది అందుకే. సెల్యులోజ్ నైట్రేట్‌కి ఆ అవసరం లేదు. దానికి కావాల్సిన ఆక్సిజన్ దాని నైట్రేట్ గుంపుల్లోనే ఉంటుంది. ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా కాలుతూనే ఉంటుంది, పైగా విషవాయువులు వదులుతుంది. పత్తికి నైట్రేట్ మోతాదు ఇంకాస్త ఎక్కువ పట్టిస్తే వచ్చేది పొగ రాని తుపాకీ మందు. సినిమా రీలుకీ తుపాకీ మందుకీ తేడా ఆ కాస్త మోతాదే.

ఇలాంటి ఫిల్మ్‌ని కార్బన్ ఆర్క్ దీపం ముందు నడపాలి. రెండు కార్బన్ కడ్డీల మధ్య కరెంటు దూకితే వచ్చే తెల్లటి వెలుగు అది, దాంతో పాటే భయంకరమైన వేడి. రీలు కదులుతున్నంతసేపు ఫర్వాలేదు. ఎక్కడైనా ఇరుక్కుని ఆగిందా, ఆ ఫ్రేమ్ తెర మీదే కరిగి మండిపోతుంది. అందుకే ప్రొజెక్టర్ గదికి మంట అంటని గోడలు, ఇనుప తలుపులు వచ్చాయి. మన దేశంలో 1918లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం సెన్సార్ కోసమే అనుకుంటాం. థియేటర్ల లైసెన్సు, ప్రేక్షకుల భద్రత కూడా అందులో ముఖ్యమైన భాగమే.

కొడుకు చదువు.. గ్లాస్ స్టూడియో

ఇతరుల సినిమాలు ఆడించడంతో వెంకయ్య ఆగలేదు. మన సినిమా మనమే తీయాలని పట్టుబట్టారు. దానికి పని తెలిసిన మనిషి కావాలి. కొడుకు రఘుపతి సూర్యప్రకాష్‌ని ఇంగ్లండ్ పంపారు. ఇవాళ పిల్లల్ని ఎంఎస్ చదవమని విదేశాలకి పంపే తల్లిదండ్రుల్లాగే. తేడా ఏమిటంటే, అప్పట్లో సినిమాని చదువుగా ఎవరూ లెక్కపెట్టలేదు.

ప్రకాష్ తిరిగొచ్చాక తండ్రీకొడుకులు మద్రాసులో స్టార్ ఆఫ్ ద ఈస్ట్ ఫిల్మ్స్ సంస్థ పెట్టారు. వాళ్ల స్టూడియోని జనం గ్లాస్ స్టూడియో అనేవారు. సినిమా స్టూడియోకి గాజు ఎందుకు? దీనికీ పదార్థమే జవాబు చెబుతుంది.

సిల్వర్ బ్రోమైడ్‌కి నీలం వెలుగు బాగా తెలుసు. ఎరుపు రంగుకి దాదాపు గుడ్డిది. రంగులద్దే రసాయనాలు కలిపి 1920ల మొదట్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఆకుపచ్చ వరకూ చూపు వచ్చింది, ఎరుపు మాత్రం అందలేదు. నటి పెదాలకి ఎర్ర రంగు వేస్తే తెర మీద నల్లగా కనిపించేది. ఎర్రటి కాంతి ఎక్కువగా ఉండే మామూలు బల్బుల కింద బొమ్మ సరిగా పడేది కాదు. ఫిల్మ్‌కి కావాల్సిన వెలుగు సూర్యుడి దగ్గర బోలెడంత ఉంది. అందుకే పైకప్పు గాజుతో.

అక్కడి నుంచి వచ్చిందే 'భీష్మ ప్రతిజ్ఞ'. 1921 నాటి మూకీ. తెలుగువాళ్లు తీసిన తొలి సినిమాగా చెప్పుకునేది దీన్నే. దర్శకుడు ప్రకాష్, భీష్ముడి వేషం కూడా ఆయనదే. గంగ పాత్రలో ఆంగ్లో ఇండియన్ నటి పెగ్గీ కాస్టెల్లో నటించారు. ఈ సినిమాకి పనిచేసి పాఠాలు నేర్చుకున్నవాళ్లలో సి.పుల్లయ్య ఒకరు. తర్వాత 1934లో 'లవకుశ' తీసి తెలుగు టాకీకి జనాన్ని అలవాటు చేసింది ఆయనే. 1963లో వచ్చిన రంగుల 'లవకుశ'ని మొదలుపెట్టిందీ ఆయనే, పూర్తి చేసింది ఆయన కొడుకు సి.ఎస్.రావు.

డబ్బాలో నిశ్శబ్దంగా చావు

భీష్మ ప్రతిజ్ఞ తర్వాత కూడా ఆ సంస్థ సినిమాలు తీసింది. కానీ లెక్కలు కుదరలేదు. నష్టాలు పెరిగాయి, స్టూడియో మూతపడింది. ఒకప్పుడు మూడు థియేటర్లు నడిపిన మనిషి చివరి రోజుల్లో ఇబ్బందులు చూశారు. 1941 మార్చి 15న మద్రాసులో కన్నుమూశారు.

ఆ లోపే రీళ్ల చావు కూడా మొదలైపోయింది. నైట్రేట్ ఫిల్మ్‌కి మంట తగలక్కర్లేదు. డబ్బాలో ఊరికే పెట్టినా కుళ్లుతుంది. మెల్లగా నైట్రేట్ గుంపులు విడిపోయి నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. అది గాలిలోని తేమతో కలిస్తే నైట్రిక్ ఆమ్లం. ఆ ఆమ్లం ఇంకొన్ని గుంపుల్ని విడగొడుతుంది, మళ్లీ వాయువు, మళ్లీ ఆమ్లం. తన పుట్టుకకి తానే తోడయ్యే ఈ చర్యని ఆటోకెటాలిసిస్ అంటారు. మూత బిగించిన డబ్బాలో వాయువు బయటికి పోలేదు కాబట్టి పని ఇంకా వేగంగా జరుగుతుంది.

ఈ పతనానికి అంచెలు ఉంటాయి. మొదట బొమ్మ వెలిసిపోయి ఫిల్మ్ పసుపు, గోధుమ రంగుకి తిరుగుతుంది. కర్పూరం ఆవిరైపోయి రీలు ముడుచుకుంటుంది, పెళుసెక్కుతుంది. జెలటిన్ జిగురై చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. తర్వాత నురగలా బుడగలు, ఆ తర్వాత గట్టి ముద్ద. చివరికి మిగిలేది గోధుమ రంగు పొడి. అన్నిటికన్నా భయం ఏంటంటే, బాగా కుళ్లిన నైట్రేట్ రీళ్లు 41 డిగ్రీల సెల్సియస్ దగ్గరే వాటంతట అవే అంటుకోగలవు. మే నెలలో మద్రాసులోనో బెజవాడలోనో ఆ వేడి కొత్తేం కాదు.

దీనికి తోడు మనుషులు. 1931లో టాకీలు వచ్చాయి. మూకీ రీలుకి మార్కెట్ సున్నా అయిపోయింది. కానీ అందులో వెండి ఉంది. పాత రీళ్లు కడిగి వెండి తీసుకోవడం ప్రపంచమంతా ఒక వ్యాపారం. అలా పోయినవి కొన్ని, కుళ్లి పోయినవి కొన్ని, కాలి పోయినవి కొన్ని.

ఇది వెంకయ్య ఒక్కరి కథ కూడా కాదు. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' లేదు. దక్షిణాది మూకీల్లో చూడదగ్గట్టు మిగిలింది 1933 నాటి 'మార్తాండ వర్మ'. అది బతికిన తీరు వింటే నవ్వొస్తుంది. కాపీరైట్ గొడవలో సినిమాని ఆపేశారు, ప్రింటు పుస్తక ప్రచురణకర్తల దగ్గర ఉండిపోయింది. దాన్ని 1974లో పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ తీసుకుంది. ఆడకపోవడమే దాన్ని కాపాడింది. మరో పక్క 2003 జనవరిలో పుణెలోనే నైట్రేట్ రీళ్ల గోదాములో మంటలు రేగి, దాచుకున్న పాత సినిమాలు ఎన్నో బూడిదయ్యాయి.

మంట పోయింది.. వెనిగర్ వాసన వచ్చింది

నైట్రేట్ ప్రమాదం తెలిశాక 1948లో ఈస్ట్‌మన్ కోడాక్ కొత్త ఫిల్మ్ తెచ్చింది. సెల్యులోజ్ ట్రైఅసిటేట్. గొలుసు పాతదే, సెల్యులోజే. దానికి అతికించిన గుంపులు మాత్రం మారాయి. నైట్రేట్ పోయి అసిటేట్ వచ్చింది. చిటికెలో భగ్గుమనే గుణం పోయింది. 1950ల మొదట్లో నైట్రేట్ ఫిల్మ్ తయారీ ఆపేశారు. మన పెద్దవాళ్లు ప్రాణం పెట్టి చూసిన ఆ తర్వాతి సినిమాల్లో చాలావరకు ఈ అసిటేట్ మీదే ఉన్నాయి.

సమస్య తీరిందనుకుంటే పొరపాటే. తేమ, వేడి కలిసి అసిటేట్ గుంపుల్ని విడగొడితే అసిటిక్ ఆమ్లం వస్తుంది. అంటే వెనిగర్. ఇక్కడా పాత కథే, ఆమ్లం ఆమ్లాన్ని పెంచుతుంది. దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. 21 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో పెడితే కొత్త అసిటేట్ ఫిల్మ్‌కి ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. వేడి పెరిగితే గడువు తగ్గిపోతుంది. రసాయన చర్యల వేగం 10 డిగ్రీలకి దాదాపు రెట్టింపు అవుతుందనే మోటు లెక్క పెట్టుకున్నా, ఏసీ లేని గదిలో డబ్బాల గతి ఏంటో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత వచ్చిన పాలిస్టర్ ఫిల్మ్ కథ వేరు. అది పీఈటీ, నీళ్ల బాటిల్ ప్లాస్టిక్ రకం. విడిపోవడానికి తొందరపడే గుంపులు దానికి లేవు. మంచి గదిలో పెడితే వందల ఏళ్లు ఉంటుందని అంచనా. ఇప్పుడు డిజిటల్ సినిమాలని దాచే మాగ్నెటిక్ టేపుల పొర కూడా ఎక్కువగా పాలిస్టర్ కుటుంబానిదే. అంతా క్లౌడ్‌లోకి పోయిందని మనం అనుకుంటున్నా, ఆ సినిమా కూడా ఎక్కడో ఒక పదార్థం మీదే కూర్చుని ఉంది.

తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చేసింది. ఇక్కడ కూడా ఈ విషయం మీద పని జరిగింది. 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ పరిరక్షణ వర్క్‌షాప్ పెట్టింది. రీలు ఎలా శుభ్రం చేయాలి, ఎలా అతకాలి, ఎలా దాచాలి అనేది చేత్తో చేయించి నేర్పారు. కెమిస్ట్రీ, మెటీరియల్స్ చదివిన కుర్రాళ్లకి సినిమాలో ఉద్యోగం అంటే వీఎఫ్ఎక్స్ ఒక్కటే కాదు, ఇది కూడా.

పాత డబ్బా కనిపిస్తే ఇలా చేయండి

జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్, కృష్ణానగర్ వైపు పాత నిర్మాతలు, పంపిణీదారుల ఇళ్లలో, ఆఫీసుల్లో ఇప్పటికీ రీళ్ల డబ్బాలు ఉండే అవకాశం ఉంది. అలాంటిది కనిపిస్తే పారేయకండి, పాత సామాన్లవాడికి వేయకండి. గాలి ఆడే చోట మూత తీసి చూడండి. ముక్కు పెట్టి వాసన లాగకండి, ఘాటు దూరం నుంచే తెలుస్తుంది. పుల్లటి వెనిగర్ వాసన వస్తే అసిటేట్ చెడటం మొదలైందని అర్థం. దాన్ని మంచి రీళ్లకి దూరంగా, చల్లగా, పొడిగా ఉన్న చోటికి మార్చాలి. 1950లకి ముందుదైతే, పసుపు రంగు తిరిగినా, జిగురుగా ఉన్నా దాన్ని విప్పే ప్రయత్నం చేయకండి. దగ్గర్లో దీపం, సిగరెట్ ఉండకూడదు. ఆర్కైవ్ వాళ్లకి కబురు చేయాలి.

వెంకయ్యకి ఈ అవకాశం లేదు. ఆయన కాలంలో సినిమా తీయడానికి దొరికింది ఆ ఒక్క పదార్థమే, దాని మీదే తీశారు. పాలిస్టర్, చల్లటి గది, స్కానర్ ఇవన్నీ ఆయన పోయాక వచ్చాయి. మనకి అన్నీ ఉన్నాయి. ఇంకా అసిటేట్ డబ్బాల్లో ఉన్న తెలుగు సినిమాల గడువు మాత్రం రోజురోజుకీ తగ్గిపోతోంది.